వెన్నలాంటి ట్రిగ్గర్

పెద్దమ్మ సంవత్సరీకానికి కోరుట్ల పోయాను. నేను ఉండేది జగిత్యాలలో, బస్సెక్కి కూర్చుంటే కునుకు పట్టేలోపే దిగాల్సి వస్తుంది. పెద్దమ్మ కొడుకు శ్రీను కోరుట్లలో ప్లాట్ల వ్యాపారం చేసి మూడంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. భోజనాలయ్యాయి. చుట్టాలు హాల్లో సోఫాల మీద ఒరిగి సోంపు నములుతున్నారు. గోడ మీద పెద్దమ్మ ఫొటోకు వేసిన బంతిపూల దండ ఇంకా తడిగానే ఉంది. అప్పుడు శ్రీను లోపలికి పోయి, బీరువా తెరిచి తన రివాల్వర్ పట్టుకొచ్చాడు. ఎన్నికలప్పుడు లైసెన్సున్న తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి కదా, ఈ మధ్యే తిరిగి ఇచ్చారట. ఇచ్చీ ఇవ్వగానే హైదరాబాదు తీసుకుపోయి, ఎవరో తెలిసినవాళ్ల ద్వారా దాని ట్రిగ్గర్ మెత్తగా చేయించుకొచ్చాడట. బిడ్డకు మెడిసిన్ సీటు వచ్చిందని చెప్పినప్పుడు కూడా వాడి ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

"గుంజి చూడక్కా, ఉత్తదే, గోలీలు తీసేసిన. వెన్న లెక్కున్నది," అని నా చేతిలో పెట్టబోయాడు. వెన్న లెక్క. వాళ్ల నాన్న నోట విన్న మాటే, ఆ సాగదీతతో సహా. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. వాడు నవ్వి, టీవీ కింది అద్దాల షోకేసులోంచి ఇంకొకటి తీశాడు. పాత తూటా ఒకటి. ఇత్తడి నల్లబడి ఉంది, అడుగున నడిమధ్య ఒక చిన్న సొట్ట, పిండి మీద గోరు ఆనించినంత. బాపు గుర్తుగా దాచుకున్నానని అందరికీ చూపించి, కథ మొదలుపెట్టాడు. మల్లేశం అనే పనివాడిని ఉత్తగా బెదిరించడానికి బాపు తుపాకి ఎక్కుపెట్టడం, అది టిక్కుమని ఊరుకోవడం, మల్లేశం లుంగీ తడిసిపోవడం. లుంగీ దగ్గరికి వచ్చేసరికి హాలంతా విరగబడి నవ్వింది. ఒక పెద్దాయన సోంపు గొంతుకడ్డం పడి దగ్గుతూ కూడా నవ్వాడు. నేను చేతిలో ఉన్న సోంపు కింద పెట్టేశాను. లేచి వాష్ బేసిన్ దగ్గరికి పోయి నిలబడ్డాను. అక్కడికీ వినిపించింది నవ్వు. ఆ రోజు నేను అక్కడ ఉన్నాను. శ్రీను అప్పటికి ఇంకా పాకే పిల్లాడు.

మా నాన్నకు అడవి శాఖలో ఉద్యోగం, ఎక్కడెక్కడో తిప్పేవాళ్లు. అందుకని నన్ను కాలేజీ చదువుకు సిరిసిల్లలో పెద్దబాపు, అంటే శ్రీను వాళ్ల నాన్న ఇంట్లో ఉంచారు. ముందర ఇల్లు, వెనక కార్ఖానా, మధ్యలో ఒక సన్నని సందు. కార్ఖానాలో సాంచలు పొద్దూ మాపూ కొట్టుకుంటూనే ఉండేవి. మిగతా ఊళ్లలో మరమగ్గాలంటారు, మాకు అవి సాంచలే. ఆ చప్పుడులో ఇంట్లో అందరం అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. అరుస్తున్నామన్న సంగతి కరెంటు పోయినప్పుడు మాత్రమే తెలిసేది. నూలు దుమ్ము అన్నిటి మీదా వాలేది, పప్పులో, పచ్చడి జాడీ మూతల మీద, ఉతికి ఆరేసిన బట్టల మీద, నా జడలో. ఇంటికి రెండు వాసనలుండేవి. ఒకటి గంజి, రెండోది మిషన్ నూనె. గంజి వాసన ఇప్పటికీ నాకిష్టమే. మిషన్ నూనె వాసన తగిలితే మాత్రం ఇప్పటికీ అక్కణ్ణుంచి లేచిపోతాను. దానికి కారణం సాంచలు కాదు, పెద్దబాపు దాంతోనే రివాల్వర్ తుడిచేవాడు.

ఆ రోజుల్లో అన్నలంటే, అదే నక్సలైట్లంటే, అందరికీ భయం. దళాలు తిరుగుతున్నాయనీ, ఫలానా ఆసామి ఇంటి గోడకు బెదిరింపు కాగితం అంటించారనీ చెప్పుకునేవాళ్లు. పెద్దబాపుకు ఏ కాగితమూ రాలేదు. ఆయన పేరు ఏ అన్న నోటా వచ్చినట్టు ఎవరూ వినలేదు. ఆ లోటు ఆయనకు లోపల గుచ్చుకుంటుండేదని నా అనుమానం. నాయకుల చుట్టూ తిరిగి, నాకూ ప్రాణభయముందని రాయించుకుని, లైసెన్సు సంపాదించి రివాల్వర్ తెచ్చుకున్నాడు. అది వచ్చాక నిజంగానే భయం మొదలైంది. అప్పటిదాకా ఆరుబయట మంచమేసుకుని గుర్రుపెట్టినవాడు లోపల గడియ పెట్టుకుని పడుకోవడం నేర్చుకున్నాడు. కల్లు దుకాణానికి పోయినా నడుముకు అదే, తలనీలాలివ్వడానికి వేములవాడ పోయినా అదే. దొడ్డికి పోయి అక్కడే మేకుకు తగిలించి మరిచిపోయి వచ్చేవాడు. "గది తేపో," అని పెద్దమ్మను కేకేసేవాడు. ఆమె కొంగుతో పట్టుకుని, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు మొహం పక్కకు తిప్పుకుని తెచ్చేది.

రోజూ పొద్దున స్నానమయ్యాక, విభూతి పెట్టుకుని, తడి తువ్వాలుతోనే మంచమ్మీద కూర్చునేవాడు. గోలీలు తీసి దిండు మీద పెట్టి, ఖాళీ రివాల్వర్‌ను ఒక్కొక్క దానికి గురిపెట్టి ట్రిగ్గర్ లాగేవాడు. క్యాలెండర్‌లోని లక్ష్మీదేవికి, దండెం మీది లంగాకు, గడప మీది కోడికి, అంట్లు తోమే పెద్దమ్మ వీపుకు. టక్, టక్. ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు. చూస్తే అంట్లు ఎవరు తోముతారు? ఆయన బాధ ఒకటే, ట్రిగ్గర్ మహా గట్టి. ఆయన వేళ్లు లావువి, కణుపుల దగ్గర నొప్పి. "గిది గుంజేదాంక అన్న ఆగుతడా? బీడి ముట్టిచ్చుకొని సూస్తడు," అని అందరికీ చెప్పుకునేవాడు. చెప్పి, కొబ్బరినూనెతో వేలు రుద్దమని పెద్దమ్మ చేతికి చెయ్యిచ్చేవాడు. ఆమె రుద్దేది.

ఆ గట్టితనానికి సగం కారణం మా ఇంటి భక్తే. దసరాకు ఆయుధపూజలో సాంచలతో పాటు రివాల్వర్‌కూ పసుపు కుంకుమలు పెట్టాలన్నాడు పెద్దబాపు. పెద్దమ్మ ఏది చేసినా నిండుగా చేసే మనిషి. పసుపు తడిపి, ట్రిగ్గర్ సందులోకి కూడా పోయేలా మెత్తింది, దాని మీద కుంకుమ అద్దింది. దసరా తర్వాత ప్రతి శుక్రవారమూ అదే పూజ మొదలైంది. పసుపు, కుంకుమ, మిషన్ నూనె, నూలు దుమ్ము, అన్నీ కలిసి లోపల ముద్ద కట్టాయి. ట్రిగ్గర్ లాగడానికి రెండు వేళ్లు కావాల్సి వచ్చింది. అప్పుడు పెద్దబాపు కార్ఖానా జాబర్ దేవయ్యను పిలిచాడు. జాబరంటే సాంచలు చెడిపోతే బాగుచేసే మేస్త్రీ. దేవయ్యకు తుపాకి సంగతేం తెలియదు, ఆ మాట మొదటే చెప్పాడు కూడా. "సాంచ బాగుజేస్తవు, గింత పిట్టను బాగుజెయ్యలేవా?" అని పెద్దబాపు ఉబ్బేశాడు. దేవయ్య ఉబ్బాడు. ముద్దంతా కిరసనాయిలుతో కడిగి, లోపలి బలమైన స్ప్రింగు బదులు తన డబ్బాలోంచి నెమ్మదైనది ఒకటి తీసి పెట్టాడు. బిగించి ఇచ్చాక పెద్దబాపు లాగి చూసి, కళ్లు మూసుకున్నాడు. "వెన్న లెక్కున్నదిరా దేవిగా," అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇల్లు తిరునాళ్లయింది. నూలుకు గంజి పెట్టించే సైజింగు సేటు, కిరాణా షావుకారు, పెద్దబాపు దోస్తులు, వచ్చినవాళ్లందరి చేతికీ రివాల్వర్ ఇచ్చి లాగమనేవాడు. అందరూ లాగారు, అందరూ వెన్న అన్నారు. గోలీ పెట్టి పేల్చి చూసిన వాడు ఒక్కడూ లేడు. లైసెన్సు గోలీలు, ఒకటి ఖర్చయినా ఠాణాలో జవాబు చెప్పుకోవాలి, ఊరికే ఎవడు పేలుస్తాడు? ఆ నెమ్మది స్ప్రింగు గోలీని గట్టిగా కొట్టలేదన్న సంగతి దేవయ్యకు తట్టలేదు, సేటుకు తట్టలేదు, ఎవరికీ తట్టలేదు.

ఆ ఎండాకాలంలో పెద్దబాపు కార్ఖానా కిటికీలు మూయించాడు. కిటికీలోంచి అన్నలు కాల్చే ప్రమాదముందట. అన్ని కిటికీలకూ ఇటుకలు పేర్పించి సిమెంటు కొట్టించాడు. సిరిసిల్ల ఎండల్లో, రేకుల కప్పు కింద, దుమ్ములో, గాలి వచ్చే దారి మూసేశాడు. పనివాళ్లు బనీన్లు విప్పేసినా చెమట కారి సాంచల కింద నేల తడిగా ఉండేది. దగ్గు, కళ్లలో మంటలు. ఒక ముసలాయన కండెలు మారుస్తూ మారుస్తూ పడిపోతే మొహాన నీళ్లు కొట్టి బయట పడుకోబెట్టారు. మల్లేశం పెద్దబాపు దగ్గరికి వచ్చి ఒక్క కిటికీ తెరిపించమని అడిగాడు. అతను మా కులంవాడే, మా దూరపు చుట్టం కూడా. ఎన్నో ఏళ్లుగా మా సాంచల మీదే పని, నేను కాకా అనేదాన్ని. "సచ్చిపోతున్నం సేటూ, సెయ్యి వట్టేంత సందు ఉంచు సాలు." "నీకు గాలి గావాలె, నాకు పానం గావాలె. పోయి పని జూస్కో," అన్నాడు పెద్దబాపు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దంలో గోడ మీద ధన్, ధన్ అని దెబ్బలు వినిపించాయి. సందులో నేను వడియాలు తిరగేస్తున్నాను. మల్లేశం గడ్డపారతో కిటికీ ఇటుకలు పొడుస్తున్నాడు. నాలుగైదు ఊడి బయటపడ్డాయి, ఆ కంతలోంచి లోపలి వేడి నా మొహాన కొట్టింది. మిగతా పనివాళ్లు ఆ కంత దగ్గరికి మూతులు తెచ్చి గాలి తాగుతున్నారు. పెద్దబాపు తువ్వాలు మీదే పరుగెత్తుకొచ్చాడు, చేతిలో రివాల్వర్. అన్నలనుకుని వచ్చాడని తర్వాత ఇంట్లో సమర్థించారు గానీ అది అబద్ధం. ఆయన మల్లేశాన్ని చూశాడు, పేరు పెట్టి పిలిచాడు. "మల్లిగా, ఎవన్నడిగి పలగ్గొడ్తున్నవ్‌రా?" "అడిగిన గదా సేటూ. నువ్వియ్యలే," అన్నాడు మల్లేశం. గడ్డపార దించాడు కూడా. అప్పుడు పెద్దబాపు అతని ఛాతీకి గురిపెట్టి ట్రిగ్గర్ లాగాడు.

టిక్ అంది. కరెంటు లేదు కాబట్టి అందరికీ వినిపించింది. పెద్దబాపు మల్లేశం వైపు చూడలేదు. రివాల్వర్ వైపు చూశాడు. వెలగని టార్చిలైటును విదిలించినట్టు ఒకసారి విదిలించి, మళ్లీ గురిపెట్టి మళ్లీ లాగాడు. మళ్లీ టిక్. మొదటిది కోపంలో చెయ్యి జారిందని ఎవరైనా అంటే, పోనీ అనుకుంటాను. రెండోదాన్ని ఏమనాలి? అప్పటికి పెద్దమ్మ వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. మల్లేశం గడ్డపార నేల మీద పెట్టి, ఇటుకల మీదే కూర్చుండిపోయాడు. అతని తల నిండా ఎర్రటి దుమ్ము. లుంగీ తడిసిన మాట నిజం. నేను చూశాను. అందులో నవ్వడానికేముందో నాకు ఈరోజు దాకా అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఒకటే మాట, దేవయ్య తుపాకి ఖరాబు చేశాడు. పెద్దబాపు గోలీలన్నీ మంచమ్మీద పోసుకుని, సొట్టలు పడ్డ రెండింటినీ దీపం వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. "సూసినవా, ఉత్తగ గిచ్చినట్టు తాకింది. గీ నా కొడుకు నా పానం మీదికి దెచ్చిండు. గదే అన్న అయితే నేనేం గావాలె?" అన్నాడు. సైజింగు సేటు అయ్యయ్యో అన్నాడు. కిరాణా షావుకారు నెత్తి కొట్టుకున్నాడు. ఒక మనిషి మీద రెండుసార్లు ట్రిగ్గర్ లాగిన చెయ్యి ఆ ఇంట్లో అన్నం కలుపుకుంటోంది, మామిడికాయ తొక్కు అడుగుతోంది. నేను పెద్దమ్మతో అదే అన్నాను. ఆమె వంటింట్లోకి లాక్కుపోయి, "నోరు మూస్కో బిడ్డా. ఇంటి ఇజ్జత్," అంది. అంతకంటే ఏం చెబుతుంది, ఆమె వీపు మీద రోజూ ఎన్ని టక్కులు పడ్డాయో.

మల్లేశం బామ్మర్ది ఊరుకోలేదు, కులపెద్దల్ని కూర్చోబెట్టాడు. మల్లేశం కోరింది ఒకటే. గోలీలున్న తుపాకిని తన మీద ఎక్కుపెట్టి ట్రిగ్గర్ లాగాడని పదిమందిలో ఒప్పుకోవాలి. మా కార్ఖానా ముందరే జంపఖానాలు పరిచారు. పెద్దబాపు తెల్లబట్టలు కట్టుకుని కూర్చుని, "అండ్ల గోలీలే లేవు, ఉత్తగ బెదిరిచ్చిన," అన్నాడు. పెద్దలు తలలూపారు. ఆ నోటితోనే, అదే కూటంలో, "దేవిగాడు ఖరాబు జేసిండు, పేలవలసినప్పుడు పేలకుండ జేసిండు," అని కూడా అన్నాడు. దానికీ పెద్దలు తలలూపారు. గోలీలే లేకపోతే పేలలేదని దేవయ్య మీద కోపమెందుకయ్యా అని అడిగిన నోరు లేదు. పనివాళ్లు కంత దగ్గర నిలబడి చూసినవాళ్లే, ఎవరి కళ్లు వాళ్ల కాళ్ల మీదే. నేను తలుపు దగ్గర నిలబడి నోరు తెరవబోతే, "ఆడివిల్లకు పంచాతిల ఏం పని, లోపటికి పో," అని గదిమారు.

"ఏదీ, తేపో సూద్దాం," అన్నాడు ఒక పెద్దమనిషి. రివాల్వర్ వచ్చింది. ఆయన లాగాడు, టిక్. పక్కాయనకు ఇచ్చాడు. ఆయనా లాగాడు, టిక్. అలా పెద్దలందరి చేతులూ తిరిగింది. "మంచిగనే ఉన్నది గదా," అన్నాడొకరు. "అబ్బ, మెత్తగున్నది," అన్నాడింకొకరు. ముసలాయన ఒకడు ముచ్చటపడి రెండుమూడు సార్లు లాగాడు. అంతసేపూ మల్లేశం వాళ్ల ఎదురుగా మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి టిక్‌కూ అతని కనురెప్పలు పడుతున్నాయి. ఒక్క పెద్దమనిషి కూడా అది చూడలేదు. తీర్పు చెప్పారు. చేతగాని పని ముట్టుకున్నందుకు దేవయ్య పెద్దబాపుకు మొక్కాలి. అడగకుండా గోడ పగలగొట్టినందుకు మల్లేశం ఆ కంత తన చేత్తోనే పూడ్చాలి. ఆ పైన పెద్దబాపూ మల్లేశమూ కౌగిలించుకుని అలాయి బలాయి తీసుకోవాలి. తీసుకున్నారు. పెద్దబాపు మల్లేశం వీపు మీద చరిచి, "మనం మనం ఒకటి," అన్నాడు. లోపల మటన్ ఉడుకుతున్న వాసన వచ్చింది, పెద్దలు చేతులు కడుక్కోవడానికి లేచారు. మర్నాడు మల్లేశం తాపీ పట్టుకుని ఇటుకలు పేర్చాడు. నేను కాలేజీకి ఆ సందులోంచే పోవాలి. ఆ రోజు వీధి చుట్టూ తిరిగిపోయాను.

ఈ సంగతి తలచుకుంటే నాకు ఏడుపు రాదు, అసహ్యం వేస్తుంది. వయసుతో తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. అప్పుడు రివాల్వర్ భయం పేరు చెప్పుకుని ఇంట్లోకి వచ్చింది, కనీసం ఆ ముసుగన్నా ఉండేది. ఇప్పుడు శ్రీనుకు ఏ భయమూ లేదు. అన్నలు లేరు, కాగితాలు లేవు. పెళ్లి బరాత్‌లో డీజే ముందు నడుముకు అది కనిపించేలా చొక్కా దోపి ఎగురుతాడు, ఆ వీడియో అందరికీ పంపుతాడు. నాకూ పంపాడు. సిరిసిల్లలో ఆ సాంచలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి, కార్ఖానా ఉన్న చోట షట్టర్ల దుకాణాలు లేచాయి. ఆ ఇంట్లోంచి భద్రంగా మిగిలి, అద్దాల వెనకకు ఎక్కింది ఆ తూటా ఒక్కటే. బేసిన్ దగ్గర్నుంచి హాల్లోకి తిరిగివచ్చి అందరి ముందూ అన్నాను. "శ్రీనూ, మీ బాపు బెదిరియ్యలే. గోలీలు పెట్టి రెండుసార్లు గుంజిండు. నేను సూసిన. నీ చేతిల ఉన్న సొట్ట గదే." నవ్వు ఆగింది. శ్రీను నా వైపు జాలిగా చూశాడు. "అయితే ఏమాయె అక్కా? పేలలేదు గదా," అన్నాడు. ఎవరో ఫ్యాను పెంచమన్నారు. నేను చెప్పులేసుకుని బయటపడ్డాను.

జగిత్యాల బస్సెక్కలేదు. వేములవాడలో మారి సిరిసిల్ల పోయాను. మల్లేశం కాకా బతికే ఉన్నాడని తెలుసు, ఇల్లు అడుగుతూ పోతే ఆటోవాళ్లే చూపించారు. రేకుల ఇంటి ముందు బీడీలు చుడుతున్న కోడలు లోపలికి కేకేసింది. ఆయన బయటికి వచ్చాడు, బక్కగా, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని. సాంచల దగ్గర బతికినవాళ్లందరికీ ఆ చెవుడు ఉంటుంది. గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. నేను గట్టిగా, దాదాపు అరుస్తూ చెప్పాను. తూటా శ్రీను దగ్గర ఉందని, సొట్ట ఉందని, ఆ రోజు గోలీలు ఉన్నాయనడానికి సాక్ష్యం అదేనని, ఈరోజు పదిమందిలో ఆ మాట చెప్పానని. ఆయన సంతోషపడతాడని కాదు గానీ, ఏదో ఒకటి అంటాడనుకున్నాను.

"గోలీలున్నయని నాకెర్కనే బిడ్డా," అన్నాడు. "ఆయన మొకం జూసిన గదా నేను. గది గాదు. నాకు ఇంకోటి జెప్పు. పంచాతి అయినంక మల్ల మీ సాంచల మీదనే గన్నేండ్లు పనిజేసిన. గోడ దిక్కు మొకం వెట్టి నిలవడాలె. మీ పెద్దబాపు ఎన్కకెళ్లి తిరిగేటోడు. గా సప్పుడుల అడుగులు వినరావు. ఈపు సల్లగయ్యేది. గా తుపాకిని మల్ల బాగుజేపిచ్చిండా, గట్లనే ఇడిసిపెట్టిండా? ఎవలనడుగుత? అడిగితె ఏమన్నట్టు? ఖరాబైందే ఉంచుకున్నడు అనుకున్న. గట్లనుకొనే రోజు గడిపిన."

నాకు తెలుసు. ఆ నెల తిరక్కముందే పెద్దబాపు దాన్ని పట్నం తీసుకుపోయి అసలు స్ప్రింగు పెట్టించాడు. ఈసారి ఊరికే లాగి మురిసిపోలేదు. గంభీరావుపేట దగ్గర తెలిసినవాళ్ల చెలకలో గోలీ పెట్టి కుండను పేల్చి చూసుకుని, ఇంటికి జిలేబీ పొట్లంతో వచ్చాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కార్ఖానాలో ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఎవరూ చెప్పలేదు.

"చేపిచ్చిండు కాకా," అన్నాను. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా అన్నాను. "గా నెలలనే చేపిచ్చిండు. పేలుతుండె."

ఆయనకు మొదటిసారే వినపడింది. లేచి మోరీ దగ్గరికి పోయి, గొంతు లోపల్నుంచి కాండ్రించి ఉమ్మాడు. దాని మీద చెంబెడు నీళ్లు పోశాడు. వచ్చి కూర్చున్నాక నా వైపు చూడకుండా, "ఒక్కలన్న చెప్తే పిల్లలను దీస్కొని భీవండి సాంచల మీదికి పోదును గదా బిడ్డా," అన్నాడు.